మచ్చ పడని టీకా పనిచేస్తుందా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఎంపాక్స్ (మంకీపాక్స్) గురించి, పశువుల్లో వచ్చే ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) గురించి కొంతకాలంగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం టీకాల మీదే ఉంటున్నాయి. ఈ రెండు జబ్బులనూ కలిగించేవి మశూచి కుటుంబానికి చెందిన వైరస్‌లే. వాటికి మనం వాడుతున్న టీకాలు కూడా ఆ కుటుంబంలోని వైరస్‌లను బలహీనపరచి తయారుచేసినవే. అందువల్ల ఆ ఉత్తరాల్లో కొన్నింటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు అరవై ఎనిమిది. చిన్నప్పుడు వేసిన మశూచి టీకా మచ్చలు ఇప్పటికీ నా చేతి మీద ఉన్నాయి. లండన్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయికి ఎంపాక్స్ రాకుండా ఈమధ్య రెండు మోతాదుల టీకా ఇచ్చారు. పొక్కు లేవలేదు, మచ్చ కూడా పడలేదు. మా రోజుల్లో పొక్కు లేవకపోతే టీకా పట్టలేదని మళ్ళీ వేసేవారు. మచ్చ పడని టీకా నిజంగా కాపాడుతుందా? – విశ్రాంత ఉపాధ్యాయురాలు, సికింద్రాబాద్

జవాబు: పొక్కు లేవకపోతే మళ్ళీ టీకా వేయడం ఆ రోజుల్లో సరైన పద్ధతే. అప్పటి టీకాలో ఉన్నది వాక్సీనియా అనే సజీవ వైరస్. మశూచిని కలిగించే వేరియోలా వైరస్‌కు ఇది దగ్గరి బంధువు. ఇది మామూలుగా మనిషి ప్రాణం తీయదు కానీ, దీన్ని ఒకసారి ఎదుర్కొన్న శరీరం వేరియోలాను కూడా ఎదుర్కోగలుగుతుంది. మీకు టీకా వేసినవారు బహుశా చేతి మీద ఒక చుక్క మందు పెట్టి, అంచున చిన్న చిన్న పళ్ళున్న గుండ్రటి బిళ్ళను దాని మీద ఆనించి గిర్రున తిప్పి ఉంటారు. రెండు మొనల సూది రాకముందు మన దేశంలో విరివిగా వాడింది ఆ పనిముట్టునే. అలా గీరుకున్న చర్మంలో వైరస్ పెరగడం మొదలుపెడుతుంది. మూడు నాలుగు రోజులకు ఎర్రటి బొడిపె లేస్తుంది, వారం పది రోజులకు అది చీము పట్టిన పొక్కు అవుతుంది, మూడో వారానికి చెక్కు కట్టి రాలిపోయి, ఆ చోట జీవితాంతం నిలిచే గుంట మచ్చ మిగులుతుంది. వైరస్ ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతూ పెరిగిందనడానికి ఆ పొక్కే సాక్ష్యం కాబట్టి, పొక్కు లేవనివారికి రక్షణ కలగలేదని భావించేవారు.

అయితే ఎంతోమందిని కాపాడిన ఆ పెరుగుదలే కొద్దిమందికి ప్రమాదంగా పరిణమించింది. ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న పిల్లల్లో వైరస్ ఒళ్ళంతా వ్యాపించేది. వ్యాధినిరోధక శక్తి లేనివారిలో పొక్కు మానకుండా చుట్టూ ఉన్న కండను తినుకుంటూ పోయేది. కొందరికి మెదడు వాపు వచ్చేది. 1968లో అమెరికాలో జరిగిన పరిశీలనల ప్రకారం, తొలిసారి టీకా వేయించుకున్న ప్రతి పది లక్షల మందిలో ఒకరిద్దరు దాని వల్లనే మరణించారు. అదే వాక్సీనియాను ప్రయోగశాలలో కణాల మీద శుభ్రంగా పెంచి తయారుచేసి, 2007లో అమెరికాలో అనుమతి పొందిన టీకా విషయంలో కూడా, తొలిసారి వేయించుకున్నవారిలో సుమారు 175 మందికి ఒకరికి గుండె కండరంలోనో గుండె పొరలోనో వాపు కనిపించింది. మశూచి సోకినవారిలో దాదాపు ముగ్గురికి ఒకరు చనిపోతున్న కాలంలో ఈ ప్రమాదాన్ని భరించడం న్యాయమే. కానీ మన దేశంలో 1975 మే తరువాత, ప్రపంచంలో 1977 అక్టోబరు తరువాత సహజంగా ఎవరికీ మశూచి సోకలేదు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఆ వ్యాధి అంతమైందని ప్రకటించింది. రోగమే లేనప్పుడు, దాని కోసం వేసే టీకా వల్ల ఒక్క ప్రాణం పోయినా దాన్ని సమర్థించుకోవడం కష్టం.

మీ అమ్మాయికి ఇచ్చిన టీకా ఈ చిక్కుకు జర్మనీలో దొరికిన పరిష్కారం. మ్యూనిక్‌లో ఆంటన్ మేయర్ అనే శాస్త్రవేత్త, టర్కీలోని అంకారాలో వాడిన వాక్సీనియా రకాన్ని తీసుకుని, కోడి పిండాల నుంచి తీసిన కణాల మీద ఒక విడత తరువాత మరో విడతగా 570కి పైగా సార్లు పెంచారు. కోడి కణాలకే అలవాటు పడిన ఆ వైరస్ తన జన్యుపదార్థంలో సుమారు 15 శాతాన్ని పోగొట్టుకుంది. సవరించిన వాక్సీనియా అంకారా అని దానికి పేరు. అందరూ ఎంవీఏ అంటారు. ఇది మనిషి కణంలోకి మామూలుగానే ప్రవేశిస్తుంది, తన జన్యుపదార్థానికి నకళ్ళు తీసుకుంటుంది, తన ప్రొటీన్లను దాదాపు అన్నింటినీ తయారుచేసుకుంటుంది. కానీ ఇటుకలూ సున్నమూ అన్నీ సమకూరినా గోడ లేవని ఇంటిలాగా, కొత్త వైరస్ రేణువు కూర్పు మధ్యలోనే ఆగిపోతుంది. అందువల్ల పక్క కణానికి పాకేదేమీ ఉండదు, పొక్కూ లేవదు, మచ్చా పడదు. అయినా ఆ కణంలో తయారైన ప్రొటీన్లను శరీరం చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. వైరస్ తనంతట తాను పెరగదు కాబట్టి, పాత టీకా చుక్కలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వైరస్‌ను చర్మం కింద ఇస్తారు, 28 రోజుల తరువాత రెండో మోతాదు వేస్తారు.

మీరు అడిగిన మచ్చనే కొలమానంగా పెట్టుకుని దీన్ని పరీక్షించారు కూడా. దక్షిణ కొరియాలో ఉన్న అమెరికా సైనికుల్లో కొందరికి ముందుగా రెండు మోతాదుల ఎంవీఏ ఇచ్చి, ఆ తరువాత పొక్కు లేపే పాత తరహా టీకాను వేశారు. మరికొందరికి పాత తరహా టీకాను మాత్రమే వేశారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండో బృందంలో పొక్కు విస్తీర్ణపు మధ్యస్థ విలువ 76 చదరపు మిల్లీమీటర్లు కాగా, ఎంవీఏ తీసుకున్న బృందంలో అది సున్నా. అంటే పెరగడానికి వచ్చిన వాక్సీనియాను, పొక్కు లేపని టీకా ఇచ్చిన రక్షణ చర్మం దగ్గరే ఆపేసింది. 2022లో ఎంపాక్స్ వ్యాపించిన తరువాత దేశదేశాల నుంచి వచ్చిన సమాచారాన్ని బట్టి, ఒక మోతాదు సుమారు 76 శాతం, రెండు మోతాదులు సుమారు 82 శాతం రక్షణ ఇస్తున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మశూచి విషయంలో మాత్రం ఇంత సూటిగా చెప్పడానికి వీలులేదు. 1970లలో జర్మనీలో లక్షా ఇరవై వేల మందికి పైగా ఎంవీఏ వేశారు, తీవ్రమైన హాని ఎవరికీ కలగలేదు. కానీ అప్పటికి ఆ దేశంలో మశూచి లేదు కాబట్టి, అసలు శత్రువుతో ఆ టీకాకు ఎన్నడూ ముఖాముఖి తటస్థించలేదు.

మీ చేతి మీది మచ్చలకు కూడా ఇంకా విలువ ఉంది. 1980లలో కాంగోలో జరిగిన అధ్యయనాల్లో, పాత మశూచి టీకా ఎంపాక్స్ నుంచి సుమారు 85 శాతం రక్షణ ఇచ్చినట్టు కనిపించింది. ఇన్ని దశాబ్దాలు గడిచాక ఆ రక్షణ అంతే గట్టిగా ఉంటుందని మాత్రం భావించకండి.

ప్రశ్న: పోలియోకు చంపిన వైరస్‌తో చేసిన టీకా ఉంది కదా. మశూచి జాతి వైరస్‌ల విషయంలో కూడా చంపేసి ఇస్తే ఏ ప్రమాదమూ ఉండదు కదా? – మందుల దుకాణదారు, మెహదీపట్నం

జవాబు: ప్రయత్నించారు, కానీ రక్షణ సరిపోలేదు. ఈ కుటుంబపు వైరస్‌లు రెండు రూపాల్లో ఉంటాయి. మొదటిది కణం పగిలినప్పుడు బయటపడే దృఢమైన రేణువు. రెండోది దాని మీద అదనంగా మరో పలుచని పొర కప్పుకుని, కణం బతికి ఉండగానే బయటికి వచ్చి, శరీరంలో దూరంగా వ్యాపించేది. ప్రయోగశాలలో పెంచి, శుద్ధిచేసి, చంపి ఇచ్చే సరుకులో దాదాపు అంతా మొదటి రూపమే ఉంటుంది. రెండో రూపపు పై పొరలోని ప్రొటీన్లను శరీరం చూడనే చూడదు కాబట్టి, నిజమైన వైరస్ వచ్చినప్పుడు దాని వ్యాప్తిని ఆపలేకపోతుంది. సజీవ వైరస్ కణంలోకి వెళ్ళి ఆ ప్రొటీన్లన్నింటినీ అక్కడే తయారుచేయించడం వల్లనే ఈ లోటు తీరుతుంది. ఆ రెండు రూపాల ప్రొటీన్లనూ ఎంచుకుని ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో టీకాలు చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి, కానీ అవి ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ళ క్రితం ఆటలమ్మ పోసింది. ఇక ఎంపాక్స్ రాదని అనుకోవచ్చా? – గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అనుకోకూడదు. ఆటలమ్మను కలిగించేది హెర్పిస్ కుటుంబపు వైరస్; మశూచి కుటుంబంతో దానికి సంబంధం లేదు, ఒకదాని రక్షణ మరొకదానికి పనికిరాదు. అయితే హైదరాబాద్‌లో ఉంటున్న మీ బాబుకు ఇప్పుడు ఎంపాక్స్ టీకా అవసరం లేదు. రోగితో దగ్గరగా మెలిగినవారికి, సోకే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి మాత్రమే దాన్ని సూచిస్తున్నారు. 2022 జులైలో కామారెడ్డికి చెందిన ఒక వ్యక్తికి ఎంపాక్స్ అనుమానంతో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో చికిత్స చేసినప్పుడు మన ఊళ్ళో చాలా ఆందోళన కలిగింది కానీ, పుణెలో చేసిన పరీక్షలో అది ఎంపాక్స్ కాదని తేలింది.

ప్రశ్న: ఎంవీఏను 570 సార్లు పెంచి బలహీనపరచారని చదివాను. ఆ పద్ధతిలో ఏ జన్యువు పోతుందో మన చేతిలో ఉండదు. ఈరోజు వైరస్ జన్యువులన్నీ తెలుసు కదా, హాని చేసేవాటిని ఎంచి కత్తిరించి సురక్షితమైన టీకాను నేరుగా తయారుచేయవచ్చు కదా? – సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థి, తార్నాక

జవాబు: చేయవచ్చు, చేస్తున్నారు కూడా. కానీ ఏది తీసేయాలో ఎంచుకోవడం కంటే, తీసేసినది మళ్ళీ రాకుండా చూడడం, రక్షణ తగ్గకుండా చూడడం చాలా కష్టమని ముప్పై ఏళ్ళకు పైగా సాగిన పరిశోధన నేర్పింది.

వాక్సీనియా జన్యుపదార్థంలో సుమారు 1,90,000 అక్షరాలు, రెండు వందల దాకా జన్యువులు ఉంటాయి. వాటిలో మధ్యభాగంలో ఉన్నవి ఎక్కువగా వైరస్ తన నకళ్ళు తీసుకోవడానికి, రేణువును కూర్చుకోవడానికి అవసరమైనవి. ఈ వైరస్ కణకేంద్రకంలోకి వెళ్ళకుండా కణద్రవ్యంలోనే తన పని తాను చేసుకుంటుంది కాబట్టి ఆ సరంజామా అంతా వెంట తెచ్చుకోక తప్పదు. రెండు చివరల్లో ఉన్న జన్యువులు ఎక్కువగా మన శరీరంతో పోరాడేవి. ఉదాహరణకు బి18 అనే ప్రొటీన్ కణం నుంచి బయటికి వచ్చి, వైరస్ వచ్చిందని చాటే ఇంటర్‌ఫెరాన్‌ను దారిలోనే పట్టేస్తుంది. ఈ3 అనే ప్రొటీన్ వైరస్ పెరుగుదలలో పుట్టే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను కణం కంటపడకుండా కప్పేస్తుంది. కే3 అనే ప్రొటీన్ మన కణంలోని ఒక ప్రొటీన్‌లాగా వేషం వేసుకుని, ప్రొటీన్ల తయారీని ఆపేసే ఎంజైమును ఏమారుస్తుంది. కోడి పిండం కణాల్లో ఈ పోరాటం పెద్దగా అవసరం లేదు కాబట్టే ఎంవీఏ పోగొట్టుకున్న వాటిలో చివరల జన్యువులు చాలా ఉన్నాయి.

ఎంచి తీసేయడంలో పేరొందిన తొలి ప్రయత్నాల్లో 1992 నాటి నైవాక్ అనే టీకా వైరస్ ఒకటి. కోపెన్‌హాగన్ రకం వాక్సీనియా నుంచి 18 జన్యువులను ఉద్దేశపూర్వకంగా తొలగించారు. అది భద్రతలో మెచ్చదగినదిగానే నిలిచింది. కానీ ఎలుకల్లో పరీక్షించినప్పుడు పాత టీకాతో సమానమైన రక్షణ రావాలంటే ఎక్కువ మోతాదు ఇవ్వాల్సి వచ్చింది. వైరస్ ఎంత మెత్తబడితే శరీరం దాన్ని అంత తేలిగ్గా తీసుకుంటుంది; టీకా పరిశోధనలో రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

రెండో పాఠం 2012లో వచ్చింది, నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఈ3 జన్యువును తీసేసిన వాక్సీనియాను మనిషి కణాల మీద కొన్ని విడతలు పెంచి చూశారు. కొద్ది విడతల్లోనే వైరస్ తన కే3 జన్యువుకు ఒకటి తరువాత ఒకటిగా అనేక నకళ్ళు పేర్చుకుని, ఆ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేసుకుని, ఈ3 లేని లోటును కొంతవరకు పూడ్చుకుంది. అంటే ఒకే పనికి రెండు పనిముట్లున్న వైరస్ నుంచి ఒకదాన్ని మాత్రమే తీసేస్తే సరిపోదు. పైకి బలహీనంగా కనిపించిన వైరస్ తన దగ్గర మిగిలినదాన్నే పెంచుకుని కోలుకోగలదు. కాబట్టి తయారుచేసిన టీకా వైరస్‌ను వరుసగా ఎన్నో విడతలు పెంచి, ప్రతి దశలోనూ జన్యుక్రమాన్ని మొత్తంగా చదివి, తొలగించిన భాగం అలాగే ఉందా, మరెక్కడైనా కొత్త మార్పు చేరిందా అని చూడాలి. వ్యాధినిరోధక శక్తి బొత్తిగా లేని ఎలుకల్లో అది ఎలా ప్రవర్తిస్తుందో కూడా పరీక్షించాలి.

జపాన్‌లో చేసిన ఎల్‌సి16ఎం8 టీకాను ఈ దృష్టితో చూడండి. సో హషిజుమే బృందం లిస్టర్ రకం వాక్సీనియాను కుందేలు మూత్రపిండ కణాల మీద, శరీర ఉష్ణోగ్రత కంటే బాగా తక్కువగా 30 డిగ్రీల వద్ద పెంచుతూ, చిన్న పొక్కు మాత్రమే కలిగించే రకాన్ని ఏరి తీసింది. 1974–75లో అక్కడ సుమారు 50,000 మంది పిల్లలకు ఆ టీకా వేశారు, 1975లో అనుమతి వచ్చింది. అది ఎందుకు మెత్తబడిందో చాలాకాలం తరువాత గానీ తెలియలేదు. బి5ఆర్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం రాలిపోయింది; దాంతో ఆ జన్యువు నుంచి రావలసిన ప్రొటీన్ మధ్యలోనే తెగిపోతోంది. పైన చెప్పిన రెండో రూపపు పొరలో ఉండేది, వైరస్ దూరంగా పాకడానికి తోడ్పడేది ఆ ప్రొటీనే. ఒక్క అక్షరమే పోయింది కాబట్టి, పెంపకంలో ఎక్కడో ఒకచోట మరో మార్పు జరిగి ఆ జన్యువు మళ్ళీ పనిలో పడే అవకాశం ఉంది, అలాంటి వైరస్‌లు నిజంగానే కనిపించాయి. 2005లో జపాన్ శాస్త్రవేత్తలే ఆ జన్యువును మొత్తంగా తొలగించిన రూపాన్ని తయారుచేశారు. దానికిక తిరుగుదారి లేదు. మీరు అడిగిన ఎంచి కత్తిరించడం ఇలా ఉండాలని నా అభిప్రాయం: పిల్లల్లో ఎన్నో వేలసార్లు నిలిచిన టీకాను పట్టుకుని, దాని బలహీనతకు కారణాన్ని కనిపెట్టి, ఆ కారణాన్ని శాశ్వతం చేయడం. బి5 ప్రొటీన్ లేకపోతే దాని మీద పుట్టే యాంటీబాడీలు కూడా ఉండవు కదా అన్న సందేహం సహజమే. కానీ ఆ పొరలోనే ఉండే ఏ33 వంటి ఇతర ప్రొటీన్లు మిగిలి ఉండడం వల్ల, జంతువులపై చేసిన పరీక్షల్లో రక్షణ నిలిచింది.

ఇంత తెలిసినా అలాంటి టీకాలు వాడుకలోకి రాకపోవడానికి కారణం మశూచి లేకపోవడమే. మనుషుల్లో రక్షణను నేరుగా కొలిచే దారి లేనప్పుడు కోతులకు ఎంపాక్స్ వైరస్ సోకించి చూడడం, పాత టీకా వల్ల వచ్చే యాంటీబాడీలతో పోల్చడం తప్ప మార్గం లేదు. అనుమతి ఇచ్చేవారు లక్షకు పైగా మనుషుల్లో నిలబడిన ఎంవీఏ వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. ఆ టీకాకు 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. ఎల్‌సి16ఎం8కు అదే ఏడాది నవంబరులో అత్యవసర వినియోగ అనుమతి దక్కింది.

ప్రశ్న: మా తమ్ముడు ఉద్యోగరీత్యా కాంగో రాజధాని కిన్షాసా వెళ్తున్నాడు, కంపెనీవాళ్ళు ఎంపాక్స్ టీకా వేయిస్తామంటున్నారు. మాది ఉమ్మడి కుటుంబం. మా పాపకు పుట్టినప్పటి నుంచీ ఎగ్జిమా ఉంది. సజీవ వైరస్ టీకా అంటే భయంగా ఉంది. – ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది, అయితే అది టీకా రకాన్ని బట్టి ఉంటుంది. 2007లో అమెరికాలో మశూచి టీకా వేయించుకున్న ఒక సైనికుడు ఇంటికి వెళ్ళినప్పుడు, ఎగ్జిమా ఉన్న అతని రెండేళ్ళ కొడుక్కి ఆ వైరస్ అంటుకుని ప్రాణాపాయం దాకా వెళ్ళింది. ఎన్నో వారాల చికిత్స తరువాత ఆ బిడ్డ బతికాడు. అది పొక్కు లేపే పాత తరహా టీకా. ఎంవీఏ అయితే కొత్త రేణువులు తయారుకావు, పొక్కు ఉండదు కాబట్టి, మీ తమ్ముడి నుంచి పాపకు సోకేదేమీ ఉండదు. ఎగ్జిమా ఉన్నవారికి, హెచ్‌ఐవీ ఉన్నవారికి కూడా ఆ టీకా ఇచ్చి పరీక్షించారు, భద్రత విషయంలో ఆందోళన కలిగించేదేమీ కనిపించలేదు. జపాన్ టీకా మాత్రం చర్మంలో పెరుగుతుంది, చిన్నదే అయినా పొక్కు లేపుతుంది. దాన్ని గర్భిణులకు, వ్యాధినిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వకూడదు. వేయించుకున్నవారు పొక్కు ఎండి చెక్కు రాలేదాకా దాన్ని కప్పి ఉంచాలి, ఆ చేతిని తాకితే సబ్బుతో కడుక్కోవాలి. కంపెనీ వేయించేది ఏ టీకానో పేరుతో సహా రాయించుకుని, పాపను చూసే వైద్యులకు ముందే చూపించండి. ఎంవీఏ అయితే ప్రయాణానికి ముందే రెండు మోతాదులూ పూర్తయ్యేలా చూసుకోండి, మధ్యలో నాలుగు వారాల వ్యవధి ఉంటుంది.

టీకా వైరస్ మనిషిని దాటి పోవడం ఊహించి చెబుతున్నది కాదు. బర్రెల పొదుగు మీద, పాలు పితికేవారి వేళ్ళ మీద పొక్కులు లేపే బర్రె మశూచి వైరస్ వాక్సీనియాకు ఎంత దగ్గరిదంటే, మశూచి టీకాలు వేసిన కాలంలో పశువుల్లోకి చేరిన వైరస్సే అలా స్థిరపడిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. బ్రెజిల్‌లో 1999లో పాడి పశువుల్లో కనిపించిన కాంటగాలో వైరస్ గురించి కూడా అలాగే అనుకుంటున్నారు. మనిషి శరీరంలో కూర్పు పూర్తికాని టీకా వైరస్‌కు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే, ఆ రకం టీకాల పట్ల నాకున్న మొగ్గుకు ఇదీ ఒక కారణం.

ప్రశ్న: 2022లో మా ఆవులకు ముద్దచర్మ వ్యాధి రాకుండా మేకల మశూచి టీకా వేశారు. ఆవులకు మేకల టీకా ఏమిటో అప్పుడే అర్థం కాలేదు. ఇప్పుడు ఆవుల కోసమే కొత్త టీకా వచ్చిందంటున్నారు. పక్క ఊళ్ళో టీకా వేశాక ఒక ఆవుకు ఒంటి మీద చిన్న గడ్డలు లేచాయట. టీకాయే రోగం తెస్తుందా? ఆ పాలు తాగవచ్చా? – పాడి రైతు, శంకర్‌పల్లి

జవాబు: గొర్రె మశూచి, మేక మశూచి, ముద్దచర్మ వ్యాధి వైరస్‌లు మూడూ ఒకే ప్రజాతివి, వాటి జన్యుక్రమాలు నూటికి తొంభై ఆరు పాళ్ళకు పైగా కలుస్తాయి. అందుకే ఒకదానికి చేసిన టీకా మరొకదానికి కొంతవరకు పనిచేస్తుంది. 2019లో ఒడిశాలో మొదలై 2022లో దేశమంతా పాకి లక్షకు పైగా పశువుల ప్రాణాలు తీసిన ఆ వ్యాధికి అప్పుడు మన దగ్గర సొంత టీకా సిద్ధంగా లేదు. చేతిలో ఉన్నది మేక మశూచి టీకా, మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ కూడా దాన్ని తయారుచేసింది. ఆ పరిస్థితిలో దాన్ని వాడడం సరైన నిర్ణయమే. కానీ ముద్దచర్మ వ్యాధి వైరస్‌నే బలహీనపరచి చేసిన టీకా కంటే దాని రక్షణ తక్కువ.

హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ కలిసి, 2019లో రాంచీ ప్రాంతపు పశువుల నుంచి తీసిన వైరస్‌ను వీరో కణాల (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాల) మీద 50 విడతలు పెంచి దేశీయ టీకా రూపొందించాయి; దాన్ని 2022 ఆగస్టు 10న విడుదల చేశారు. భారత్ బయోటెక్ సమూహానికి చెందిన బయోవెట్ సంస్థ దాన్ని తయారుచేయడానికి 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. టీకా వల్ల యాంటీబాడీలు వచ్చిన పశువునూ, రోగం సోకి వచ్చిన పశువునూ రక్తపరీక్షతో వేరుచేయగలగడం ఈ టీకాలోని మంచి గుణం. ఊళ్ళో రోగం నిజంగా తిరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఆ తేడా చాలా అవసరం.

పక్క ఊరి ఆవు విషయానికి వస్తే రెండు అవకాశాలున్నాయి. ఆఫ్రికాలో పుట్టిన నీత్లింగ్ రకం సజీవ టీకా వేసిన కొన్ని పశువుల్లో ఒకటి రెండు వారాల్లోపల చిన్న గడ్డలు లేచి, పుండు పడకుండా వాటంతటవే కరిగిపోతాయి. రెండు మూడు రోజులు జ్వరం రావచ్చు, పాలు కాస్త తగ్గవచ్చు. ఇది రోగం కాదు. రెండో అవకాశం, టీకా వేసేనాటికే ఆ ఆవుకు రోగం సోకి ఉండడం. వైరస్ ఒంట్లో చేరిన నాలుగు వారాల దాకా కూడా గడ్డలు బయటపడకపోవచ్చు, అలాంటప్పుడు నింద టీకా మీద పడుతుంది. గడ్డలు పెద్దవిగా, లోతుగా, గట్టిగా ఉండి, జ్వరం తగ్గకుండా, కాళ్ళ వాపు కూడా ఉంటే అది అసలు రోగమని అనుమానించి వెంటనే పశువైద్యుడిని పిలవాలి. ముద్దచర్మ వ్యాధి మనుషులకు సోకదు, పాలను ఎప్పటిలాగే కాచి తాగవచ్చు.

టీకాయే హాని చేసిన సందర్భం కూడా ఒకటుంది, దాన్ని దాచడం మంచిది కాదు. 2017లో కజకిస్తాన్‌లో పశువులకు వాడిన ఒక టీకాను తరువాత పరీక్షించినప్పుడు, అందులో ముద్దచర్మ వ్యాధి వైరస్‌లో రెండు రకాలు, మేక మశూచి వైరస్ కలిసి ఉన్నాయని తేలింది. తయారీలో శుద్ధత పాటించకపోవడం వల్ల ఒకే కణంలో పెరిగిన ఆ వైరస్‌లు జన్యువులు మార్చుకుని కొత్త రకాలు పుట్టాయి. రష్యా, చైనా, ఆగ్నేయాసియా దేశాల్లో తరువాత వ్యాపించినవి అలాంటివే. బలహీనపరచడం ఎంత బాగా జరిగినా, మూల విత్తన వైరస్ ఒక్కటే రకమని ప్రతి బ్యాచ్‌లోనూ జన్యుపరీక్షతో నిర్ధారించకపోతే సజీవ టీకా నమ్మదగినది కాదు. టీకా కొనే ప్రభుత్వ శాఖలు తక్కువ ధర చూసే ముందు ఈ పరీక్ష పత్రాన్ని అడగాలని నేను గట్టిగా కోరుతున్నాను.

మీ దొడ్డి దగ్గర మీరు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. టీకా సీసాలో పొడిగా ఉంటుంది. దాంతో ఇచ్చిన ద్రవం కలిపిన తరువాత ఎండ తగలకుండా మంచుపెట్టెలో పెట్టి, రెండు గంటల లోపల వాడేయాలి. మిగిలినదాన్ని రేపటికి దాచనివ్వకండి. ఒక పశువుకు వాడిన సూదిని మరో పశువుకు వాడనివ్వకండి, ఎందుకంటే మందలో ఒక్కదానికి రోగం దాగి ఉన్నా ఆ సూదే మిగతావాటికి అంటించవచ్చు. జ్వరంతో ఉన్న పశువును ఆ రోజుకు పక్కన కట్టేసి, టీకా వేసిన తేదీ, సీసా మీది బ్యాచ్ సంఖ్య ఒక పుస్తకంలో రాసి ఉంచండి. గడ్డలు లేస్తే పశువైద్యుడు ముందుగా అడిగేది ఆ రెండింటినే.